మెట్లకిండ్ జాతి చాంపియన్

లిఫ్టు జాలీ తలుపును మోకాలితో ఒక పోటు పొడవాలి, చేత్తో కాస్త పైకెత్తాలి, అప్పుడు పక్కకు లాగాలి. ఈ మూడూ ఒక్క ఊపులో జరగాలి. ఏది ముందూ వెనకా అయినా తలుపు సగంలో బిగుసుకుపోతుంది. ఇక లోపలివాళ్లూ బయటివాళ్లూ ఊచల్లోంచి ఒకరినొకరు జంతుశాలలోలా చూసుకుంటూ నిలబడాల్సిందే. ఆ పాత భవనంలో ఈ విద్య పట్టుబడినవాడు ఒక్కడే. అందుకే అందరూ అతన్ని "లిఫ్టు" అని పిలుస్తారు. "ఇంకా లిఫ్టు రాలేదేం?" అని ఎవరైనా విసుక్కుంటే, ఆ విసుగు యంత్రం మీదో మనిషి మీదో చెప్పడం కష్టం.

బక్కపలచటి మనిషి. ఏళ్ల తరబడి తలుపెత్తి ఎత్తి కుడి భుజం ఎడమదానికన్నా ఓ పిసరు కిందికి జారింది. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయి, జేబు దగ్గర మాత్రం కొత్తగా ఉంటుంది, అందులో పెట్టడానికి ఎప్పుడూ ఏమీ ఉండదు గనక. మీసం దిట్టంగా ఉంటుంది. అతని ఇల్లాలి మాటల్లో చెప్పాలంటే, తిన్నదంతా అక్కడికే పోతోంది.

లిఫ్టులో బతికేవాడికి ఒక చిక్కుంది. మాట పూర్తి కాదు. నోరు తెరిచి నాలుగు ముక్కలు అనేలోపు ఎదుటివాళ్ల అంతస్తు వచ్చేస్తుంది. జీతం పెంచమని అడగాలని అతను ఎన్నోసార్లు మొదలుపెట్టాడు. "అయ్యా, మరేం లేదు..." అనేసరికి నాలుగో అంతస్తు. అంతవరకే విన్న పెద్దమనిషి నిజంగానే ఏమీ లేదనుకుని దిగిపోయేవాడు. అలా సగంలో తెగిన మాటలన్నీ ఆ పెట్టెలోనే పేరుకుపోయి ఉంటాయి. ఇనపతాడు కిర్రుమనేది వాటి బరువుకేనేమో ఎవరికి తెలుసు!

ఆ ఉదయం అధ్యక్షులవారు గోందు సీసా పట్టుకుని కిందికి దిగారు. అధ్యక్షులంటే ఏ దేశానికో కాదు, భవనవాసుల సంఘానికి. ఉద్యోగం చేసినంతకాలం నిబంధనలు రాసి రాసి, ఇక చాలు విశ్రాంతి తీసుకోండని పంపిస్తే, ఇక్కడికొచ్చి రాస్తున్నారు. లిఫ్టు పక్క గోడకు ఒక కాగితం అంటించి, రెండడుగులు వెనక్కి వేసి, తను రాసినదాన్ని తనే మెచ్చుకోలుగా చూసుకున్నారు.

"చదువుతా విను. ‘గుర్తింపు పొందిన సంఘంవారి పత్రాలు గల జాతికుక్కలు మాత్రమే ఈ భవనంలో ఉండవచ్చును. బయటినుంచి వచ్చి చేరిన కుక్కలను ఈ సాయంత్రం పురపాలకంవారి బండికి అప్పగించవలెను.’ ఎలా ఉంది?"

"అంటే అయ్యా, మన చాంపియన్ కుక్కని కూడా..."

"భాష ఎలా ఉందని అడుగుతున్నా."

"భాష బాగుందండి."

అధ్యక్షులవారు సంతోషించి వెళ్లిపోయారు. అసలు సంగతేమిటంటే, కిందటి వారం ఆయన వియ్యంకుడు చుట్టపుచూపుగా వస్తే, మెట్ల కింద పడుకున్న కుక్క లేచి నిలబడి మరీ మొరిగింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని కుక్క అది. దానికి మనుషుల్ని అంచనా కట్టడం బాగా తెలుసని భవనమంతా గుసగుసలాడుకుంది గానీ, వియ్యంకుడి ముందు అలా అనడానికి ఎవరికి నోరొస్తుంది?

కుక్క ఇప్పుడు కూడా మెట్ల కిందే ఉంది. పాత గోనెసంచి మీద పడుకుంటే ఏది సంచో ఏది కుక్కో తెలియని రంగు. ఒక చెవి నిటారుగా నిలబడుతుంది, రెండోది ఎప్పుడో అలిగి వాలిపోయింది. తోక కుడివైపుకు వంకర. ముక్కు చుట్టూ వెంట్రుకలు నెరిశాయి. దాని పక్కనే తడిబట్ట పిండుతూ కూర్చున్న లిఫ్టు ఇల్లాలు, ఈ భవనం మెట్లన్నీ తుడిచేది ఆవిడే, కాగితంలోని సంగతి మొగుడి నోట విని బట్టను బకెట్లో విసిరికొట్టింది.

"బయటినుంచి వచ్చిన కుక్కా! ఇదా! దీని తల్లి ఈనిన రోజు ఈ గోనెసంచి వేసింది నేను కాదూ? మిగతా పిల్లల్ని తలా ఒకటి పట్టుకుపోతే ఇదొక్కటే ఇక్కడ మిగిలింది. ఈ గడప దాటి అది పుట్టి ఎరగదు, ఆ కుక్కల ప్రదర్శనలకి తప్ప. నువ్వు సాయంత్రం అందరి ముందూ నోరు తెరిచి ‘ఇది ఇక్కడే పుట్టిందండీ’ అని ఒక్క ముక్క చెప్పు. ఆ ముసలాయన రాసిన మాటే ఆయన నోరు మూయిస్తుంది."

"చెబితే కార్యదర్శిగారి పరువేం కావాలే?"

ఇల్లాలు బట్ట మళ్లీ తీసి, దాన్ని కార్యదర్శిగారి మెడలా మెలితిప్పింది.

కార్యదర్శిగారి సంగతి చెప్పాలి. పై అంతస్తులో, నీళ్ల ట్యాంకు మెట్ల పక్కనున్న ఒంటిగది తలుపు మీద "సకల శునక వంశ సమాఖ్య" అని బోర్డు ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో "ప్రపంచ కార్యాలయం" అని కూడా ఉంటుంది. మిగతా కార్యాలయాలు ఏ ఏ ఊళ్లలో ఉన్నాయని ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సమాఖ్యకు వ్యవస్థాపకులు, కార్యదర్శి, ముద్ర కొట్టేవారు, గది ఊడ్చుకునేవారు అన్నీ ఆయనే. చిన్నప్పుడు వాళ్లమ్మ పెంచిన బుల్లి కుక్కను సంకనేసుకుని పెద్ద సంఘంవారి ప్రదర్శనకు వెళితే, జాతి తెలియని కుక్కకు ప్రవేశం లేదని గేటు దగ్గరే ఆపేశారట. అదే రోజు ఇలాంటిదొకటి పెట్టి తీరతానని గేటు ముందే ఒట్టు పెట్టుకున్నారట. అందుకే సమాఖ్య ప్రదర్శనలు పాత ఆటస్థలంలో జరుగుతాయి. దానికి గేటు లేదు. ఒకప్పుడు ఉండేది, ఎవరో ఎత్తుకుపోయారు.

ఆయనకు కుడి చెవి పూర్తిగా విశ్రాంతి తీసుకుంది. ఎడమ చెవి ఒక్కటే ఉద్యోగం చేస్తోంది. లిఫ్టులో బొత్తాల పలక కుడివైపు ఉంటుంది, దాని పక్కనే మన లిఫ్టు స్టూలు. అనర్థమంతా అక్కడే జరిగింది.

కుక్క పిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు అది లిఫ్టులోకి దూరింది. కార్యదర్శిగారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు. ఆ చెవులూ ఆ తోకా ఆయన తన జన్మలో చూడలేదు.

"ఎక్కడిదయ్యా ఇది?"

"మెట్ల కిందండి."

"ఏమిటీ? మెట్లకిండా!"

"కాదండీ. మెట్ల కింద అండి."

"అదేనయ్యా, నీ ‘అండి’ తీసేస్తే మెట్లకిండ్. ఏదో చలిదేశం పేరులా ఉందే! నేను చదివినట్టే గుర్తు. మంచు మీద బండ్లు లాగుతాయి కదూ?"

"అయ్యా, నేను చెప్పేదేమిటంటే..."

అంతలో పై అంతస్తు వచ్చేసింది. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాటికి సమాఖ్య పుస్తకంలో కొత్త జాతి ఎక్కింది. ఆ తర్వాతి వారానికి ఆ జాతి లక్షణాలు కూడా ఖరారయ్యాయి. కార్యదర్శిగారు కుక్కను బల్ల మీద నిలబెట్టి, చూస్తూ రాసుకున్నారు. ఒక చెవి నిలువుగా, రెండవది వాలి ఉండవలెను. తోక కుడికి తిరిగి ఉండవలెను. వాలిన చెవి అంచున చిన్న చీలిక శ్రేష్ఠం. ఆ చీలిక అటు మొన్ననే మూడో అంతస్తు పిల్లి పెట్టినది.

అలాంటి లక్షణాలతో పోటీకి నిలబడితే ఇక తిరుగేముంది? మెట్లకిండ్ జాతిలో ప్రతిసారీ దానిదే మొదటి స్థానం. కడపటి స్థానం కూడా దానిదే గానీ, దానికి పతకం ఇవ్వరు. మొదట చాంపియన్ అయింది. ఆ తర్వాత మహా చాంపియన్. ఒక ఏడు న్యాయనిర్ణేత సరిహద్దు అవతలినుంచి బావమరిది ఇంటికి వచ్చినాయన కావడంతో, అంతర్జాతీయ చాంపియన్ కూడా అయింది. ప్రదర్శనలకు వచ్చే కుక్కలకన్నా కప్పులే ఎక్కువగా ఉండేవి గనక ఏ కుక్కా ఊరికే ఇంటికి పోలేదు. వచ్చిన కప్పుల్లో ఒకదాంట్లో ఇల్లాలు ఉప్పు పోసుకుంది. ఒకదాంట్లో సూదులు వేసుకుంది.

నిజం చెప్పొద్దూ, మన లిఫ్టుకు కూడా ఆ ప్రదర్శన ఆదివారాలంటే ప్రాణం. ఉతికిన చొక్కా వేసుకుని, కుక్క మెడకు తాడు కట్టి, ఆటస్థలంలో గుండ్రంగా పరిగెత్తేవాడు. జీవితమంతా పైకీ కిందికీ తిరిగినవాడికి గుండ్రంగా తిరగడం ఎంత బాగుంటుందో! నలుగురు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్ల మధ్య నిలబడి "ఇది మెట్ల కింద పుట్టిందండి" అనడానికి అతనికి నోరు రాలేదు. అది అబద్ధమాడటమా అంటే కాదు. నిజం చెప్పబోతుంటే అంతస్తు వచ్చేసింది, అంతే.

పదకొండింటి వేళ మూడో అంతస్తు మేడమ్ తన కుక్కతో లిఫ్టు ఎక్కింది. పెద్ద సంఘంలో ఆవిడ న్యాయనిర్ణేత. ఆవిడ పక్కన నిలబడితే ఎవరైనా తెలియకుండానే నడుం నిటారుగా పెట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆవిడ కుక్కకు పట్టులాంటి జుట్టు, పొడుగు మూతి, మనల్ని చూసీ చూడని చూపు. లిఫ్టు ధైర్యం చేసి అడిగాడు.

"మేడమ్, మా సమాఖ్య బిరుదు సాయంత్రం చెల్లుతుందంటారా?"

"ఆ ప్రపంచ కార్యాలయం బిరుదా? చూడవయ్యా, బిరుదంటే ఏమిటి? ఎంతమందిని ఓడించి తెచ్చుకున్నామన్నదే దాని విలువ. మీ కుక్క ఎవర్ని ఓడించింది?"

"ఎవర్నీ ఓడించలేదండి. దాని స్వభావం అలాంటిది కాదు."

మేడమ్ పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే అయి ఉంటుంది గానీ, మూడో అంతస్తు వచ్చేయడంతో తేలలేదు.

మధ్యాహ్నం కార్యదర్శిగారు భోజనం చేసి వచ్చారు. పొట్టిగా, బొద్దుగా, ఎండలో నడిచి నడిచి ఎర్రబడ్డ ముఖంతో స్టూలు మీద కూలబడ్డారు. ఆయన ఎక్కితే స్టూలు ఆయనదే, లిఫ్టు నిలబడతాడు. గోడ మీది కాగితం ఆయన చూశారు. చూసి హాయిగా నవ్వారు.

"మనకేం భయమయ్యా! సాధారణ చాంపియనా మనది? అంతర్జాతీయం! సాయంత్రం పతకాలన్నీ మెడలో వేసి నిలబెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

"అయ్యా, ఆ మేడమ్ కూడా వస్తారట. ఆవిడ అడిగితే..."

"అడగనీ! ఎన్నాళ్లనుంచి ఎదురుచూస్తున్నానో తెలుసా, పెద్ద సంఘంవాళ్లు ఒక్కరైనా మన కుక్కని తేరిపార చూస్తారని!" అన్నారాయన. ఆ ముఖంలో వెలుగు చూసి లిఫ్టు మూసిన తలుపునే మళ్లీ మూశాడు. ఇటు నోరు విప్పకపోతే కుక్క బండెక్కుతుంది. విప్పితే ఈ పెద్దాయన నలుగురిలో నవ్వులపాలవుతాడు. గేటు దగ్గర ఆపేసిన రోజు మళ్లీ వస్తుంది, ఈసారి ఆపేది తను. ఆ మధ్యాహ్నమంతా అతను రెండు అనమంటే నాలుగుకీ, నాలుగు అనమంటే రెండుకీ తీసుకెళ్లి జనంచేత చీవాట్లు తిన్నాడు.

సాయంత్రం లిఫ్టు ముందున్న వసారాలో భవనమంతా పోగయింది. బయట పురపాలకంవారి బండి వచ్చి ఆగింది. బండివాడు చక్రం మీద కాలు పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. కుక్క మెడ నిండా పతకాలు. కదిలితే గలగలమంటున్నాయని అది కదలడం మానేసి బొమ్మలా కూర్చుంది. కార్యదర్శిగారు కోటు వేసుకుని వచ్చారు. ఆ కోటు కొన్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఆయన పొట్ట పెరిగింది, కోటు పెరగలేదు.

ఆయన జాతి లక్షణాలు చదివి వినిపించారు. చెవి అన్నప్పుడు అందరూ చెవి చూశారు, తోక అన్నప్పుడు తోక చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు. చీలిక దాకా వచ్చేసరికి మూడో అంతస్తు పిల్లిగారి యజమాని దగ్గుతెర వచ్చి పక్కకు వెళ్లిపోయాడు.

"బాగుంది," అంది మేడమ్. "గీత గీసి దానికి తగిన కుక్కని వెతకాలి. మీరు కుక్కని కూర్చోబెట్టి చుట్టూ గీత గీశారు. మెట్లకిండ్ అనే జాతి ఈ భూమ్మీద ఎక్కడా లేదండీ. నేను అన్ని సంఘాల పుస్తకాలూ చూశాను."

జనం కిసుక్కుమన్నారు. కార్యదర్శిగారి ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది గానీ, నవ్వు అక్కడే ఆగిపోయింది, తలుపు సగంలో బిగుసుకున్నట్టు.

"ఉంది," అన్నారాయన. "చలిదేశం. అడగండి, లిఫ్టునే అడగండి. తెచ్చింది అతనే."

అధ్యక్షులవారు ఇటు తిరిగారు. "ఏవయ్యా లిఫ్టూ, ఈ మెట్లకిండ్ ఎక్కడుంది?"

అందరూ అతని వంక చూశారు. అతను ఎప్పటిలాగే "అయ్యా, మరేం లేదు..." అని మొదలుపెట్టి, అలవాటుకొద్దీ ఆగాడు. ఏ అంతస్తూ రాలేదు. తలుపు తెరుచుకోలేదు, ఎవరూ దిగిపోలేదు. అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. మాట పూర్తి చేయడం తప్ప అతనికి వేరే దారి లేకపోయింది. వెనకనుంచి ఇల్లాలు గొంతు సవరించుకుంది. ఆ సవరింపు అర్థం అతనికి బాగా తెలుసు.

"అక్కడుందండి," అని వేలు చూపించాడు. "మెట్ల కింద. ఇది పుట్టింది అక్కడేనండి. ఆ రోజు అయ్యగారు ఎక్కడిది అని అడిగితే మెట్ల కిందండి అన్నాను. ఆయనకి మెట్లకిండ్ అని వినిపించింది. మళ్లీ చెబుదామంటే పై అంతస్తు వచ్చేసింది. తప్పు నాదేనండి, ఆయనది కాదు. ఆయన నమ్మారు, అంతే. ఇది బయటినుంచి రాలేదండి. ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది."

వసారా దద్దరిల్లింది. అంత నవ్వు ఆ భవనం ఎన్నడూ వినలేదు. బండివాడు కూడా బీడీ పారేసి లోపలికి తొంగిచూశాడు. లిఫ్టు ఎవరినీ చూడలేదు. కార్యదర్శిగారి బూడిదరంగు కోటు బొత్తాం వంక, దాన్ని పట్టి ఉంచిన చివరి దారం వంక చూస్తూ నిలబడ్డాడు. తన నోటితో తనే ఆయన్ని చంపేశాననుకున్నాడు.

కార్యదర్శిగారు మెట్ల దాకా వెళ్లి, వంగి కింది చీకట్లోకి చూశారు. తర్వాత చెయ్యెత్తారు. నవ్వు కాస్త తగ్గింది.

"మేడమ్, మీ కుక్క జాతికి ఆ పేరెలా వచ్చింది?"

"అది పుట్టిన కొండ పేరు అది," అంది మేడమ్.

"ఎదురింటివారి కుక్కకి? అదేదో దీవి పేరు కదూ? చూశారా! కొండ కింద పుడితే కొండ పేరు, దీవిలో పుడితే దీవి పేరు. మెట్ల కింద పుడితే మెట్ల పేరు ఎందుకుండకూడదండీ? అన్ని జాతులూ మొదట ఒక్క చోట ఒక్క కుక్కతోనే కదా మొదలైంది!" ఆయన గొంతు పెరిగింది. "అయ్యా అధ్యక్షులవారూ! లోకంలో ఏ భవనానికీ ఈ గౌరవం లేదు. ఈ జాతికి మాతృభూమి మీ భవనం!"

అధ్యక్షులవారు ఇరకాటంలో పడ్డారు. ఆయన తన కాగితం దగ్గరికి వెళ్లి, తను రాసిందే మళ్లీ చదువుకున్నారు. ‘బయటినుంచి వచ్చి చేరిన.’ ఆ మాట కోసం ఆయన ఒక పూటంతా ఆలోచించారు. "చేరిన" తీసేస్తే వాక్యం చెడుతుంది. "బయటినుంచి" తీసేస్తే అర్థం చెడుతుంది. వియ్యంకుడి కోసం వాక్యాన్ని పాడుచేసుకునే మనిషి కాదాయన.

"నిబంధన ప్రకారం," అన్నారు చివరికి, బాధగా, "బండికి ఇవ్వాల్సింది బయటి కుక్కల్నే. ఇది బయటి కుక్క కాదు."

బండి ఖాళీగా వెళ్లిపోయింది. ఇల్లాలు కొంగుతో ముక్కు చీదుకుని, పతకాల గొలుసు విప్పి కుక్క మెడ నిమిరింది. బరువు తగ్గడంతో కుక్క లేచి, వసారా ఈ చివరినుంచి ఆ చివరికి తన పద్ధతిలో తాను నడుచుకుంటూ మెట్ల కిందికి పోయింది. మేడమ్ అలవాటుకొద్దీ ఆ కాళ్ల వంకే చూసింది. చూసి, కార్యదర్శిగారి ఎడమ పక్కనుంచి వెళుతూ, ఎవరితోనూ కానట్టు అంది.

"నడక మాత్రం చాలా బాగుంది."

కార్యదర్శిగారిని పైకి తీసుకెళుతూ లిఫ్టు ఎలాగో నోరు పెగిలించుకున్నాడు.

"అయ్యా, ఆ రోజే మీకు..."

పై అంతస్తు వచ్చేసింది. తలుపు లాగాడు. కార్యదర్శిగారు దిగలేదు. స్టూలు మీద ఇటు తిరిగి, ఎడమ చెవి అతనివైపు పెట్టారు.

"కిందికి పోనియ్యి. చెప్పు."

కిందికి వెళ్లారు. మళ్లీ పైకి వచ్చారు. మూడో అంతస్తులో ఎవరో గంట కొడుతూనే ఉన్నారు. లిఫ్టు తన జీవితంలో మొదటిసారి ఒక సంగతిని మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. కుక్కపిల్ల సంగతి, పిల్లి పెట్టిన చీలిక సంగతి, ఆదివారాల సంగతి, గుండ్రంగా పరిగెత్తడం తనకెంత ఇష్టమో ఆ సంగతి.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు కార్యదర్శిగారు.

"అంతస్తు వచ్చేసేదండి."

ఆయన పకపక నవ్వారు. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పిచ్చివాడా! ఎక్కడో చలిదేశం కుక్క అని చెప్పుకుని ఇన్నాళ్లూ తిరిగాను. మన మెట్ల కిందే పుట్టిందని ముందే తెలిస్తే ఇంకాస్త గర్వంగా తిరిగేవాణ్ణి కదూ!" అని దిగి, తలుపు ఊచల్లోంచి మళ్లీ అడిగారు. "ఆవిడ ఏమందీ? నడక... ఏమందీ?"

"చాలా బాగుందన్నారండి."

"‘మాత్రం’ అని కూడా అంది. ఫర్వాలేదులే," అన్నారాయన.

దీపాలు పెట్టే వేళకు కార్యదర్శిగారు గది తాళం వేసి, లిఫ్టు పిలవకుండా మెట్ల మీదుగా కిందికి దిగారు. కుక్కను చూసి వెళదామనుకున్నారేమో. లిఫ్టు నాలుగో అంతస్తువాళ్లను దింపి వచ్చేసరికి ఆయన చివరి మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉన్నారు. కోటు బొత్తాం ఊడిపోయింది. కుక్క ఆయన పాదం మీద గడ్డం పెట్టుకుని పడుకుంది.

"అయ్యా, రిక్షా పిలవనా?"

ఆయన పలకలేదు. చెడిన చెవి వైపు నిలబడ్డానేమోనని, లిఫ్టు చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చి, వంగి, మళ్లీ అడిగాడు.

తర్వాత అంతా హడావుడిగా జరిగింది. ఎవరో డాక్టర్ని తెచ్చారు. ఎవరో ఆయన అక్కకొడుక్కి ఫోను చేశారు. గుండె ఆగిందని, నొప్పి కూడా తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి బండి వచ్చింది, నలుగురూ పట్టి ఎక్కించారు. మేడమ్ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి ఆవిడ నడుం అంత నిటారుగా లేదు.

"నేనన్న మాట ఆయన విన్నారా?" అని అడిగింది.

"విన్నారండి. మంచి చెవి వైపే అన్నారు," అన్నాడు లిఫ్టు.

ఆవిడ తల ఊపి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగానే పైకి వెళ్లింది.

వసారా ఖాళీ అయ్యాక లిఫ్టు చివరి మెట్టు మీద కూలబడి బావురుమన్నాడు. ఇల్లాలు పక్కన కూర్చుంది.

"నా మాట వల్లే పోయారంటావా?"

"అబ్బో, గొప్పవాడివి దొరికావు! నువ్వు అరిచి గీపెట్టినా ఆ తలుపు పడదు, నీ మాటకి మనిషి పోతాడా?" అంది ఆవిడ. అంటూనే కొంగుతో అతని ముఖం తుడిచింది. "నవ్వుకుంటూ పోయాడయ్యా పెద్దమనిషి. ఆ మేడమ్ చేత మెప్పు పొంది పోయాడు. ఎంతమందికి దక్కుతుంది?"

అప్పుడు మెట్ల కింద ఒక చెప్పు ఆవిడ కంట పడింది. హడావుడిలో ఎత్తుకెళ్లినవాళ్లు చూసుకోలేదు, ఆయన ఒక చెప్పుతోనే వెళ్లిపోయారు. రెండోది పంపిద్దామని ఇల్లాలు మెట్ల కిందికి చెయ్యి చాపింది. పుట్టినప్పటినుంచి ఆవిడ చేతి ముద్ద తిన్న కుక్క, ఆవిడ మీదే గుర్రుమంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనీవే," అన్నాడు లిఫ్టు.

గోనెసంచి మీద, కుక్క ముందుకాళ్ల మధ్య, మడమ దగ్గర ఒకపక్కకు అరిగి, అట్ట మీద అయిదు వేళ్ల గుర్తులూ నల్లగా దిగిన ఆ ఎడమకాలి చెప్పు ఉండిపోయింది.